ఉజ్జీ కుదిర్చే లెక్క

1687 తొలి నెలల్లో, ఎడిన్‌బరోలో వైద్యం చదువుకుంటున్న థామస్ కిన్‌కెయిడ్ తన దినచర్య పుస్తకంలో ఒక సందేహం రాసిపెట్టుకున్నాడు. చదువు మీద ఎంత శ్రద్ధో గోల్ఫ్ మీదా అంత శ్రద్ధ ఉన్న మనిషి. నిలబడే తీరు, ఒళ్లు తిప్పే తీరు, బంతిని కొట్టే తీరు అన్నీ విడమర్చి రాసుకునేవాడు. ఆ రోజు సందేహం మాత్రం పందెం గురించి. తనకు సాటిరాని వాడితో ఆడేటప్పుడు రెండు దారులున్నాయి. ఆటలో వాడికి కొంత వెసులుబాటు ఇచ్చి, సొమ్ము ఇద్దరూ సమానంగా ఒడ్డడం ఒకటి. ఆటను ఉన్నదున్నట్టే ఆడి, గట్టివాడు ఎక్కువ సొమ్ము ఒడ్డడం రెండోది. మూడు హోల్స్‌లో రెండు ముందే వదిలేసుకుని సమాన పందెం కాయడమా, లేక ప్రతి హోల్‌కీ ఒకటికి మూడు పందెం కాయడమా? ఏది మేలు?

అదే ఏడాది జూలైలో లండన్‌లో న్యూటన్ ప్రిన్సిపియా వెలువడింది. గ్రహాల నడకకు లెక్క దొరికిన ఆ కాలంలోనే పందేల లెక్కకూ పునాదులు పడుతున్నాయి. మధ్యలో ఆగిపోయిన జూదంలో సొమ్ము ఎలా పంచాలన్న ప్రశ్న మీద గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా 1654లో ఉత్తరాలు రాసుకున్నారు. 1657లో హైగెన్స్ దాన్ని చిన్న పుస్తకంగా కూర్చాడు. పాచికలకు ఆ లెక్క బాగా సరిపోయింది. మనుషుల చేతి నేర్పుకు సరిపోతుందా అన్నదే కిన్‌కెయిడ్ ప్రశ్నలోని అసలు చిక్కు. మూడు వందల ఏళ్లు దాటినా కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన ప్రతివాడూ, పాత ఆటగాడి పక్కన నిలబడి మొదటి టీ (హోల్ ఆట మొదలుపెట్టే చోటు) మీద ఇదే ప్రశ్న ఎదుర్కొంటాడు.

ఆట తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. కోర్సులో 18 హోల్స్ ఉంటాయి. ఒక్కోదానికి మంచి ఆటగాడు ఎన్ని దెబ్బల్లో బంతిని గుంటలో వేయాలో ఒక లెక్క ఉంటుంది, అది పార్. మూడు, నాలుగు, అయిదు పార్‌లు కలిసి మొత్తం సాధారణంగా 72 దగ్గర తేలుతుంది. దెబ్బలు తగ్గేకొద్దీ ఆట మెరుగు. గెలుపు తేల్చే పద్ధతులు ముఖ్యంగా రెండు. స్ట్రోక్ ప్లేలో మొత్తం దెబ్బలు కూడి, తక్కువ ఉన్నవాడు గెలిచినట్టు. మ్యాచ్ ప్లేలో ఒక్కో హోల్‌ను విడిగా గెలుస్తారు. ఎక్కువ హోల్స్ గెలిచినవాడిది ఆట. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, పందెం న్యాయమంతా చివరికి దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక అన్న, ఒక తమ్ముడు ఉన్నారనుకుందాం. గోల్కొండ కోట నయా ఖిలా పక్కనున్న కోర్సులోనైనా, డాలస్‌లో శనివారం పొద్దున్నయినా ఇలాంటి జంట కనిపించడం కష్టమేమీ కాదు. అన్న ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాడు. సగటు స్కోరు 84. తమ్ముడి చేతికి గోల్ఫ్ కర్ర కొత్త; సగటు 113. లెక్క తేలిగ్గా ఉండడానికి అన్ని హోల్స్‌నూ నాలుగు పార్ అనే అనుకుందాం. అన్న నూరు హోల్స్ ఆడితే 45 సార్లు నాలుగు, 45 సార్లు అయిదు, 10 సార్లు ఆరు కొడతాడు. తమ్ముడు 30 సార్లు అయిదు, 35 సార్లు ఆరు, 20 సార్లు ఏడు, 10 సార్లు ఎనిమిది, 5 సార్లు తొమ్మిది కొడతాడు. ఈ అంకెలు నేను ఊహించుకున్నవే, కానీ వాటి ఆకారం నిజమైనది. అన్న స్కోర్లు గుత్తిగా ఒకచోట ఉంటాయి. తమ్ముడివి చెల్లాచెదురుగా ఉంటాయి, అదీ ఎక్కువగా చెడ్డ వైపుకే సాగుతాయి. బంకర్ అనే ఇసుక గుంటలో పడిన బంతి బయటికి రావడానికి మూడు దెబ్బలు పట్టవచ్చు. అదృష్టం ఎంత బాగున్నా కొత్తవాడికి ఒక హోల్‌లో మూడు దెబ్బలు కలిసిరావు.

ముందు కిన్‌కెయిడ్ చెప్పిన రెండో దారి చూద్దాం. ఆట ఉన్నదున్నట్టే ఉంచి పందెం మార్చడం. పై అంకెల ప్రకారం, వెసులుబాటు లేకుండా తమ్ముడు ఒక హోల్ గెలవాలంటే తాను అయిదు కొట్టాలి, అదే హోల్‌లో అన్న ఆరు కొట్టాలి. అది నూటికి 3 సార్లు. సమమయ్యేది 17 సార్లు, అన్న గెలిచేది 80 సార్లు. హైగెన్స్ చెప్పిన న్యాయం ప్రకారం, గెలిచే అవకాశాన్ని గెలిచే సొమ్ముతో గుణిస్తే రెండు వైపులా సమానంగా రావాలి. 80ని 3తో భాగిస్తే సుమారు 27. అంటే హోల్‌కు తమ్ముడు ఒక రూపాయి పెడితే అన్న 27 రూపాయలు పెట్టాలి. కాగితం మీద ఇది నిష్కళంకమైన న్యాయం. కొన్ని వేల హోల్స్ ఆడితే ఇద్దరి జేబులూ ఎక్కడివక్కడే ఉంటాయి.

ఆడేది మాత్రం 18 హోల్స్. ఒక హోల్ గెలవని అవకాశం నూటికి 97 అయితే, 18 హోల్స్‌లో ఒక్కటీ గెలవని అవకాశం 97 శాతాన్ని 18 సార్లు గుణిస్తే వస్తుంది: సుమారు 58 శాతం. నూరు ఉదయాల్లో 58 ఉదయాలు తమ్ముడు నాలుగు గంటలు నడిచి, ఒక్క హోల్ కూడా గెలవకుండా, హోల్‌కో రూపాయి ఇచ్చుకుంటూ ఇంటికొస్తాడు. తక్కిన రోజుల్లో అన్న చేతి జారుడు వల్ల వచ్చిన ఒక హోల్‌తో 27 రూపాయలు పట్టుకొస్తాడు. తన దెబ్బ బాగుందా లేదా అన్నది ఆ సొమ్ముతో పెద్దగా ముడిపడి లేదు. సొమ్ము సమంగానే ఉంది, తమ్ముడు మాత్రం ఆటలో అరటిపండు అయ్యాడు.

ఈ దారిలో ఇంకో లోపం ఉంది, నా దృష్టిలో అది మరింత పెద్దది. నూటికి 3 అన్న అంకె ఎవరికి తెలుసు? అది నిజానికి 2 అయితే సరైన పందెం ఒకటికి 40. అది 4 అయితే ఒకటికి 20. అరుదుగా జరిగేదాన్ని అంచనా కట్టడంలో పిసరంత తప్పు జరిగినా పందెం రెండింతలు మారిపోతుంది. ఆ అంకె సరిగ్గా పట్టుకోవాలంటే ఇద్దరూ కలిసి కొన్ని వందల హోల్స్ ఆడి ఉండాలి, ఆ లోపు తమ్ముడి ఆటే మారిపోతుంది. సగటు స్కోర్ల మధ్య తేడాను కొద్ది ఆటలతోనే దాదాపుగా పట్టుకోవచ్చు, తప్పినా ఒకటి రెండు దెబ్బల్లో ఉంటుంది. గోల్ఫ్ లోకం శతాబ్దాల అనుభవంతో మొదటి దారినే ఎంచుకోవడానికి ఇది గట్టి కారణం. పందెం సమానంగా ఉంచి, ఆటలో దెబ్బలు ఇవ్వడం. ఇచ్చిన దెబ్బల్ని స్కోరులోంచి తీసేయగా మిగిలేది నికర స్కోరు.

మరి ఎన్ని దెబ్బలు ఇవ్వాలి? 113 లోంచి 84 తీసేస్తే 29. అంతేనా అంటే, స్ట్రోక్ ప్లేలో దాదాపు అంతే. కానీ క్లబ్బుకు వెళ్లి ఇద్దరి హ్యాండిక్యాప్ కార్డులూ చూస్తే అక్కడ 29 కనిపించదు. 26 కనిపిస్తుంది. ఆ మూడు దెబ్బలు ఎక్కడికి పోయాయో తెలుసుకుంటే హ్యాండిక్యాప్ అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఇప్పుడు ప్రపంచమంతటా చాలా దేశాల్లో నడుస్తున్న హ్యాండిక్యాప్ పద్ధతి 2020లో అమలులోకి వచ్చింది. అమెరికా గోల్ఫ్ సంఘం, స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ కలిసి, అంతకుముందున్న ఆరు వేర్వేరు పద్ధతుల్ని ఒక్కటి చేశాయి. దాని గుండెకాయ ఇది: చివరి 20 ఆటల స్కోర్లలో మెరుగైన 8 మాత్రమే తీసుకుని వాటి సగటు కడతారు. తక్కిన 12 లెక్కలోకి రావు. అంటే హ్యాండిక్యాప్ మనిషి సగటు ఆటను చెప్పడం లేదు, బాగా ఆడినప్పటి ఆటను చెబుతోంది. స్కోర్లు గంట ఆకారపు వక్రరేఖలో పరుచుకుంటాయనుకుంటే, 20లో మెరుగైన 8 సగటు అసలు సగటు కంటే 0.93 ప్రామాణిక విచలనాల మేరకు మెరుగ్గా ఉంటుంది. ప్రామాణిక విచలనం అంటే స్కోర్లు సగటుకు అటూ ఇటూ ఎంత చెదురుతాయో చెప్పే కొలత. రోజుకో రకంగా ఉండే ఆట తీరును కూడా కలుపుకుని, అన్నకు అది 3 దెబ్బలు, తమ్ముడికి 6 దెబ్బలు అనుకుందాం. అన్న కార్డు మీద అతని సగటు కంటే 2.8 మెరుగైన అంకె ఉంటుంది. తమ్ముడి కార్డు మీద అతని సగటు కంటే 5.6 మెరుగైన అంకె ఉంటుంది. కోర్సు ప్రమాణం 72 అయితే ఇద్దరి హ్యాండిక్యాప్‌లూ సుమారు 9, 35. తేడా 26. చెదురు ఎక్కువ ఉన్నవాడి దగ్గరే కోత ఎక్కువ పడింది.

ఇంతటితో అయిపోలేదు. హ్యాండిక్యాప్ లెక్కకు స్కోరు పంపేటప్పుడు ప్రతి హోల్‌కూ ఒక గరిష్ఠ పరిమితి ఉంది. పార్‌కు రెండు దెబ్బలు, దానికి ఆ హోల్‌లో మనకు రావలసిన వెసులుబాటు కలిపితే వచ్చేది ఆ పరిమితి. అంతకు మించి కొట్టినవి లెక్కలోంచి కోసేస్తారు. కోతలు పడేది ఎక్కువగా ఎవరికో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఇద్దరూ కార్డు ప్రకారం 26 దెబ్బల తేడాతో స్ట్రోక్ ప్లే ఆడితే? సగటున తమ్ముడు 3 దెబ్బలు వెనకబడి ఉంటాడు. ఇద్దరి చెదురునూ కలిపితే తేడా చెదురు 6.7 దెబ్బలు. వక్రరేఖలో చూస్తే తమ్ముడు గెలిచే అవకాశం సుమారు 33 శాతం. మూడింట ఒకసారి. క్లబ్బు ముద్ర ఉన్న అంకె గనక ఎవరికీ అనుమానం రాదు, కానీ ఇద్దరి పందేనికి అది సరైన తూకం కాదు. దీన్ని నేను కుట్ర అనను. 2020కి ముందు అమెరికా పద్ధతిలో 20లో మెరుగైన 10 సగటు తీసి, దాన్ని మళ్లీ 0.96తో గుణించేవారు, ఆ కోతను మెరుగైన ఆటకు ఇచ్చే బహుమానంగా బాహాటంగానే చెప్పేవారు. సాధన చేసి ఆట బాగుచేసుకున్నవాడికి కొంత లాభం మిగలాలన్నది ఉద్దేశం.

పైగా మెరుగైన 8 తీసుకోవడానికి ఇంకో మంచి కారణం ఉంది, అది గుంపు ఆటల్లో బయటపడుతుంది. క్లబ్బు పోటీలో అన్నలాంటి వాళ్లు 20 మంది, తమ్ముడి లాంటి వాళ్లు 20 మంది దిగారనుకుందాం. అందరూ పూర్తి హ్యాండిక్యాప్‌తో ఆడుతున్నారు. బహుమతి ఒక్కడికే. 20 మందిలో ఆ రోజు అందరికంటే బాగా ఆడినవాడు తన సగటు కంటే దాదాపు 1.87 విచలనాలు మెరుగ్గా ఉంటాడు. అన్నలకు అది 5.6 దెబ్బలు, తమ్ముళ్లకు 11.2 దెబ్బలు. హ్యాండిక్యాప్ తీసేస్తే అన్నల్లో మేటి నికర స్కోరు 69 దగ్గర, తమ్ముళ్లలో మేటి నికర స్కోరు 66 దగ్గర తేలుతుంది. ఇద్దరి పోటీలో నష్టపోయిన తమ్ముళ్లే గుంపులో కప్పు పట్టుకుపోతారు. చెదురు ఎక్కువ ఉండడం ఎదురెదురు పోరులో పనికిరాదు, నలభై మందిలో ఒకే విజేత కావలసినప్పుడు అదే పెద్ద ఆయుధం. అందుకే కొత్త పద్ధతిలో గుంపుగా ఆడే వ్యక్తిగత స్ట్రోక్ ప్లేకు హ్యాండిక్యాప్‌లో 95 శాతమే ఇమ్మంటారు, ఇద్దరి మ్యాచ్ ప్లేకు పూర్తి 100 శాతం ఇమ్మంటారు. ఒకే అంకె ఒకచోట కొత్తవాడికి అన్యాయం, ఇంకోచోట పాతవాడికి అన్యాయం. పోటీ ఏ ఆకారంలో ఉందో చెప్పకుండా న్యాయమైన హ్యాండిక్యాప్ ఎంత అని అడిగితే దానికి జవాబు ఉండదు.

ఇప్పుడు మ్యాచ్ ప్లేకు వద్దాం. నా ఉద్దేశంలో కొత్తవాడు, పాతవాడు పందెం కట్టవలసింది ఈ పద్ధతిలోనే. ఎందుకో అంకెలే చెబుతాయి. ప్రతి కోర్సులోనూ హోల్స్‌కు 1 నుంచి 18 వరకు వరస ఉంటుంది. వెసులుబాటు దెబ్బలు ఆ వరసలో పంచుతారు. 27 దెబ్బలు ఇస్తే 9 హోల్స్‌లో రెండేసి, 9 హోల్స్‌లో ఒక్కొక్కటి వస్తాయి. రెండు దెబ్బలు వచ్చే హోల్‌లో తమ్ముడు గెలిచే అవకాశం 51 శాతం, ఓడేది 23, సమమయ్యేది 26. ఒక్క దెబ్బే వచ్చే హోల్‌లో గెలిచేది 20, ఓడేది 49, సమం 31. తొమ్మిది హోల్స్‌లో తమ్ముడిది పైచేయి, తొమ్మిదింటిలో అన్నది. అన్నీ కూడితే తేడా ఒక హోల్‌లో ఇరవయ్యో వంతు కూడా లేదు. అంటే 27 దగ్గర ముల్లు నిలిచింది.

స్ట్రోక్ ప్లేలో 29 కావలసిన జంటకు మ్యాచ్ ప్లేలో 27 ఎందుకు సరిపోయింది? తమ్ముడు కొట్టే ఎనిమిదులు, తొమ్మిదులు కారణం. స్ట్రోక్ ప్లేలో ఒక తొమ్మిది కొడితే ఆ గాయం చివరిదాకా మోయాలి. మ్యాచ్ ప్లేలో ఆరు కొట్టి ఓడినా, తొమ్మిది కొట్టి ఓడినా, పద్నాలుగు కొట్టి ఓడినా పోయేది ఒక్క హోలే. బంతి జేబులో వేసుకుని తరువాతి టీకి నడవవచ్చు. కొత్తవాడి ఆటలోని అతి పెద్ద దురదృష్టాలకు పద్ధతే ఒక హద్దు గీస్తుంది. దీన్నే స్ట్రోక్ ప్లేకు తెచ్చినవాడు ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే బ్రిటిష్ వైద్యుడు. ఒక్క చెడ్డ హోల్‌తో ఆట మీద ఆశ వదిలేసుకునే వాళ్లను చూసి, ఆయన దెబ్బలకు బదులు పాయింట్లు ఇచ్చే పద్ధతి తయారుచేశాడు. పార్‌కు 2, పార్ మీద ఒకటైతే (దాన్నే బోగీ అంటారు) 1, అంతకంటే చెడితే సున్నా. సున్నాకు కిందికి పోయేది లేదు. 1932 మేలో ఇంగ్లండ్‌లోని వాలసీ క్లబ్బులో దాంతో పోటీ జరిగింది. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతోంది. డబుల్ బోగీ, అంటే పార్ మీద రెండు, దగ్గర గీత గీసే ఆ ఆలోచన ఇందాక చెప్పిన హ్యాండిక్యాప్ లెక్కలోని గరిష్ఠ పరిమితిలోనూ కనిపిస్తుంది.

ఇచ్చే దెబ్బల్లో పొరపాటు జరిగితే ఎంత నష్టం? 27 కావలసిన చోట 24 ఇచ్చారనుకోండి. తమ్ముడు మ్యాచ్ గెలిచే అవకాశం 25 శాతానికి పడిపోతుంది, అన్నది 65కు పెరుగుతుంది, తక్కిన 10 సమం. మూడు దెబ్బలంటే నూటపదమూడులో ఎంత? అయినా పందెంలో అది రెండున్నర రెట్ల తేడా. ప్రతి హోల్‌లోనూ ఉన్న చిన్న మొగ్గు 18 సార్లు కలుస్తూ పోయి గట్టిపడుతుంది. అందుకే 18 హోల్స్ పందేన్ని మూడుగా విడగొట్టే అలవాటు మంచిదంటాను: మొదటి తొమ్మిది ఒక పందెం, రెండో తొమ్మిది ఒక పందెం, మొత్తం పద్దెనిమిది ఒక పందెం. దీనికి నాసో అని పేరు, న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని నాసో క్లబ్బు నుంచి వచ్చింది. అదే 24 దెబ్బల అన్యాయపు తూకంలో కూడా తొమ్మిది హోల్స్ పందెం అయితే తమ్ముడి ఓటమి అవకాశం 56కు దిగుతుంది. ఆట ఎంత పొట్టిదైతే అంచనాలోని తప్పు అంత తక్కువ బాధిస్తుంది. మొదటి తొమ్మిదిలో చితికిపోయినవాడికి పదో టీ మీద కొత్త ఆట మొదలవుతుంది కూడా.

కోర్సు మారితే లెక్క మారుతుంది. కష్టమైన కోర్సు ఇద్దరికీ కష్టమే, కానీ సమానంగా కాదు. నీటి మడుగు మీదుగా 160 గజాలు కొట్టాలంటే అన్నకు అది మామూలు దెబ్బ, తమ్ముడికి రెండు బంతులు నీటిపాలు. చాలాకాలం దీనికి కొలత లేదు. అమెరికా గోల్ఫ్ సంఘంలో పనిచేసిన డీన్ నూత్ రూపొందించిన స్లోప్ అనే కొలత ఆ లోటు తీర్చింది. ఒక కోర్సులో గట్టి ఆటగాడికీ బోగీ స్థాయి ఆటగాడికీ మధ్య ఎన్ని దెబ్బల తేడా వస్తుందో చూసి, మగవాళ్ల విషయంలో ఆ తేడాను 5.381తో గుణిస్తారు. తేడా 21 దెబ్బలైతే స్లోప్ 113. దాన్ని ప్రామాణికంగా పెట్టుకున్నారు. కోర్సుల స్లోప్ 55 నుంచి 155 దాకా ఉండవచ్చు. 113 స్లోప్‌లో కార్డుల ప్రకారం 26 దెబ్బల తేడా ఉన్న మన అన్నదమ్ములు 140 స్లోప్ కోర్సుకు వెళితే తేడా 32 అవుతుంది. ఇంటి కోర్సులో కుదిరిన పందేన్ని అలాగే పొరుగూరి కోర్సుకు తీసుకెళితే కొత్తవాడు ఆరు దెబ్బలు ముందే ఓడి బయల్దేరినట్టు.

దెబ్బలు ఎక్కడ వాడుకోవాలో పుచ్చుకునేవాడికే వదిలేసే పాత పద్ధతి ఒకటుంది. ప్యాలెస్‌లలో ఆడే పాత టెన్నిస్ నుంచి గోల్ఫ్‌లోకి వచ్చింది, బిస్క్ అంటారు. హోల్ ముగిశాక, అవసరమనిపిస్తే, ఇక్కడ నా దెబ్బ వాడుకుంటున్నాను అని చెప్పవచ్చు. ముందే రాసిపెట్టిన దెబ్బల్లో కొన్ని వృథా అవుతాయి: తొమ్మిది కొట్టిన చోట పడినవి, ఎలాగూ గెలిచిన చోట పడినవి. బిస్క్ సరిగ్గా ఓటమి సమమయ్యే చోట, లేదా సమం గెలుపయ్యే చోట మాత్రమే ఖర్చవుతుంది. కాబట్టి బిస్క్‌లు ఇచ్చేటట్టయితే మామూలు దెబ్బల కంటే బాగా తక్కువ ఇవ్వాలి.

ఇప్పటిదాకా తమ్ముడి సగటు 113 అని, చెదురు 6 అని మనకు తెలిసినట్టు మాట్లాడాం. అసలైన కష్టం అది తెలియకపోవడమే. గణితవేత్త యాకోబ్ బెర్నూలీ దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆయన 1705లో కన్నుమూశాక 1713లో బాసెల్‌లో వెలువడిన ఆర్స్ కంజెక్టాండీ గ్రంథంతో పాటు, పాత టెన్నిస్ ఆట గురించి మిత్రుడికి రాసిన ఉత్తరంగా ఫ్రెంచిలో ఒక వ్యాసం కూడా అచ్చయింది. బలాబలాలు తేడా ఉన్న ఇద్దరి మధ్య ఎంత వెసులుబాటు ఇస్తే ఆట సమమవుతుందో అందులో లెక్కగట్టాడు. పాచికకు ఆరు ముఖాలున్నాయని చూస్తే తెలుస్తుంది. ఆటగాడి బలం అలా చూసి చెప్పలేం, ఎన్నో ఆటలు గమనించి అంచనా కట్టాలి అన్నది అందులోని మూలం. ఎన్ని ఎక్కువ గమనిస్తే అంచనా అంత నిజానికి దగ్గరవుతుందని నిరూపించినవాడూ ఆయనే.

మన తమ్ముడి విషయంలో గమనికలు ఎన్ని? హ్యాండిక్యాప్ ఇవ్వడానికి 54 హోల్స్, అంటే మూడు పూర్తి ఆటల స్కోర్లు చాలు. మూడే ఉన్నప్పుడు వాటిలో మెరుగైన ఒక్కటి తీసుకుని మరో 2 దెబ్బలు తగ్గిస్తారు. మూడు ఆటల సగటులో ఉండే అనిశ్చితి, చెదురు 6 అయితే, సుమారు మూడున్నర దెబ్బలు. మూడు దెబ్బల తప్పు పందేన్ని ఎంత ఒరిగిస్తుందో ఇందాకే చూశాం. ఇరవై ఆటలు ఆగుదామంటే, ఆ ఇరవై ఆటల్లో కొత్తవాడు నిలబడి ఉండడు. ఏడు కొట్టినచోట ఆరు కొట్టడం నేర్చుకుంటాడు. పాత స్కోర్లు పాత మనిషివి. గమనికలు తక్కువైతే తప్పు, ఎక్కువైతే పాతబడ్డాయి.

ఈ చిక్కుకు నాకు తెలిసిన ఉత్తమ పరిష్కారం పేలుడు పదార్థాల పరిశోధన నుంచి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పెన్సిల్వేనియాలోని బ్రూస్‌టన్ ప్రయోగశాలలో ఒక ప్రశ్న ఉండేది: ఒక పేలుడు పదార్థం మీద బరువును ఎంత ఎత్తు నుంచి వదిలితే సగం సార్లు పేలుతుంది? వందల నమూనాలు ఖర్చు చేయకుండా తేల్చాలి. వాళ్లు చేసింది చాలా సరళం. పేలితే తరువాతి సారి ఒక మెట్టు కిందికి దించుతారు. పేలకపోతే ఒక మెట్టు పైకి జరుపుతారు. అలా పైకీ కిందికీ జరుగుతూ ఎత్తు తానే యాభై శాతం బిందువు చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. డిక్సన్, మూడ్ 1948లో దీని గణాంక సిద్ధాంతం ప్రచురించారు. వినికిడి పరీక్షల్లోనూ ఇలాంటి పద్ధతే వాడతారు.

పందెంలో మనం వెతికేదీ యాభై శాతం బిందువే. అన్న గెలిస్తే తరువాతి ఆటకు తమ్ముడికి ఒక దెబ్బ ఎక్కువ. తమ్ముడు గెలిస్తే ఒక దెబ్బ తక్కువ. సమమైతే మార్పు లేదు. మొదటి అంచనా అయిదారు దెబ్బలు తప్పినా పరవాలేదు. తొలి నాలుగైదు ఆటల్లో మెట్టును రెండు దెబ్బలుగా పెట్టుకుని, తరువాత ఒకటికి దించితే త్వరగా దారికి వస్తుంది. తమ్ముడు ఆట నేర్చుకుంటున్నాడన్న సంగతి కూడా దీనిలో దానంతటదే కలిసిపోతుంది: మెరుగైనకొద్దీ గెలుస్తాడు, గెలిచినకొద్దీ దెబ్బలు తగ్గుతాయి. చదరంగంలో ఆర్పాడ్ ఎలో తయారుచేసిన రేటింగ్‌కూ ప్రాణం ఇదే. కోనేరు హంపి, అర్జున్ ఇరిగేసి ఆటలు అనుసరించేవాళ్లకు ఆ రేటింగ్ ప్రతి ఆట తరువాతా కదలడం బాగా తెలుసు. అక్కడ బలవంతుణ్ణి ఓడిస్తే ఎక్కువ, బలహీనుణ్ణి ఓడిస్తే తక్కువ కదులుతుంది. మన పందెంలో ఇద్దర్నీ ముందే సమం చేస్తున్నాం కనుక ప్రతిసారీ ఒకే మెట్టు సరిపోతుంది.

ఈ పద్ధతిని చెడగొట్టగలది ఒకటే. చిన్న పందేలు కావాలని ఓడి దెబ్బలు కూడబెట్టుకుని, పెద్ద పందెం వచ్చినప్పుడు వాడుకోవడం. అందుకే పందెం పరిమాణం ఎప్పుడూ ఒకటే ఉండాలి, అది చిన్నదిగా ఉండాలి. మధ్యలో ఓడుతున్నవాడు రెట్టింపు పందెం కాసే అలవాటును కొత్తవాళ్లతో పూర్తిగా మానేయాలని గట్టిగా చెబుతాను. అలసిపోయిన చేతులతో, తొందరలో తీసుకునే నిర్ణయం అది. చట్టం కూడా గుర్తుంచుకోవాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా వేయలేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాల్ని మరింత కఠినం చేశాయి. ఓడినవాడు ఇద్దరికీ టిఫిన్ పెట్టించడం అన్నదమ్ములకు చాలినంత పందెం. ఆ మాటకొస్తే 27 టిఫిన్లకు ఒక టిఫిన్ అనే పందెం ఎవరూ కాయలేరు గనక, సొమ్ము మార్చే దారి ఇక్కడ దానంతటదే మూసుకుపోతుంది.

మొదటి రోజు అన్నదమ్ములు చేయవలసింది ఇంత. తమ్ముడి చివరి రెండు మూడు స్కోర్లూ, అన్న మామూలు స్కోరూ చూసి తేడా కట్టాలి. మ్యాచ్ ప్లే కనుక అందులోంచి రెండు తగ్గించాలి. కోర్సు కొత్తదైతే ఆ తేడాను కొత్త స్లోప్‌తో గుణించి, ఇంటి కోర్సు స్లోప్‌తో భాగించాలి. దెబ్బల్ని హోల్స్ వరస ప్రకారం స్కోరు కార్డు మీద చుక్కలుగా ముందే పెట్టుకోవాలి, ఆట మధ్యలో వాదన రాకుండా. ఆ తరువాత మెట్టు పద్ధతే చూసుకుంటుంది.

ఇదంతా ఎప్పటిదాకా? క్లబ్బు కార్డుల తేడాకూ అసలు తేడాకూ మధ్య వచ్చిన ఆ మూడు దెబ్బలు, ఇద్దరి చెదురులో ఉన్న తేడాను 0.93తో గుణిస్తే వచ్చినవి. తమ్ముడి ఆట కుదుటపడేకొద్దీ అతని చెదురు 6 నుంచి 5కు, 4కు దిగుతుంది, కార్డు లోపం కూడా 3 నుంచి 2కు, 1కి కుంచించుకుపోతుంది. ఇద్దరి సగటు స్కోర్ల తేడా, కార్డుల తేడా వరసగా కొన్ని ఆటలపాటు ఒక దెబ్బ అటూఇటూగా కలిశాయంటే తమ్ముడి చెదురు అన్న చెదురుకు దగ్గరపడిందన్నమాట. అప్పుడు సొంత లెక్క పక్కన పెట్టి, క్లబ్బు కార్డుల మీదున్న అంకెలతోనే ఇద్దరూ నేరుగా ఆడుకోవచ్చు.